టూ వాల్వా ఫోర్ వాల్వా, సింగిల్ క్యామా డబుల్ క్యామా: బైక్ కొనే ముందు హెడ్ సంగతి చూసుకోండి

బైక్ కొందామనుకోగానే అందరం సీసీ చూస్తాం, పవర్ చూస్తాం, మైలేజ్ ఎంతిస్తుందని అడుగుతాం. కానీ ఆ పవర్ ఏ ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వస్తుంది, ట్రాఫిక్‌లో ఇంజిన్ ఎంత వేడెక్కుతుంది, సర్వీసుకి ఇస్తే పని గంటలో అయిపోతుందా లేక బండి రోజంతా అక్కడే ఉండాలా, ఇవన్నీ చాలావరకు తేల్చేది సిలిండర్ మీద కూర్చున్న ఆ హెడ్డే. గాలి లోపలికి, పొగ బయటికి పోయే తలుపులే వాల్వులు, తిరుగుతూ వాటిని నొక్కి తెరిచే కడ్డీయే క్యామ్. బ్రోచర్‌లో మాత్రం దాని గురించి ఒక్క ముక్కే ఉంటుంది, 4 వాల్వ్ డీఓహెచ్‌సీ (డబుల్ క్యామ్) అనో 2 వాల్వ్ ఎస్‌ఓహెచ్‌సీ (సింగిల్ క్యామ్) అనో. అది చూసి కొంతమంది నాలుగు వాల్వులుంటే చాలు బండి రాకెట్ అనుకుంటారు, ఇంకొంతమంది అమ్మో నాలుగు వాల్వులా, లో ఎండ్ (తక్కువ ఆర్‌పీఎంలో లాగే బలం) ఉండదు, ఖర్చెక్కువ అని వెనక్కి తగ్గుతారు. రెండింట్లోనూ సగం సగమే నిజం ఉంది.

నేను గట్టిగా చెప్పేది ఒకటే, వాల్వులు ఎన్ని అని లెక్కపెట్టే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. మీరు రోజూ ఏ ఆర్‌పీఎంలో తిరుగుతారు? ఆ హెడ్‌లో వాల్వ్ గ్యాప్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య వదిలే సన్నటి ఖాళీ) ఎలా సెట్ చేస్తారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే మిగతా ఎంపిక చాలా సులువైపోతుంది.

ముందు పాత కథ కొంచెం, ఎందుకంటే ఇప్పటి హెడ్‌లు ఇలా ఎందుకున్నాయో అర్థం కావాలంటే అది కావాలి. మొదట్లో సైడ్ వాల్వ్ ఇంజిన్లుండేవి, వాల్వులు సిలిండర్ పక్కన నిలబడి పైకి చూస్తూ ఉండేవి, హెడ్ అంటే పైన మూసిన ఒక మూత మాత్రమే. చవక, గట్టిది, ఎవరైనా విప్పి బిగించొచ్చు. హార్లీ డేవిడ్‌సన్ పాత బండి డబ్ల్యూఎల్ అలాంటిదే, ఆ కంపెనీ మూడు చక్రాల సర్వీ కార్ అయితే 1973 దాకా సైడ్ వాల్వ్ ఇంజిన్‌తోనే వచ్చింది. కానీ వాల్వులు పక్కకి ఉండటం వల్ల మంట మండే గది కూడా పక్కకి సాగిపోయేది, కంప్రెషన్ (గాలి పెట్రోల్ మిశ్రమాన్ని ఎన్నింతలు నొక్కుతుందో ఆ లెక్క) 5కి 1 అటూ ఇటూ దాటనిచ్చేది కాదు, ఎగ్జాస్ట్ వేడి అంతా సిలిండర్ గోడ పక్కనుంచే పోయేది. ఇప్పుడు పాత బండ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లకి తప్ప దీని అవసరం లేదు, ముందుకెళ్దాం.

తర్వాత వాల్వులు పైకెక్కి పిస్టన్‌కి ఎదురుగా తలకిందులుగా వేలాడాయి, క్యామ్ మాత్రం కిందే ఉండిపోయింది, మధ్యలో తోసే పొడవాటి కడ్డీలు, అంటే పుష్‌రాడ్‌లు, పైన వాల్వ్‌ని నొక్కే రాకర్ ఆర్మ్‌లు. ఇదే ఓహెచ్‌వీ, మనం పుష్‌రాడ్ ఇంజిన్ అంటాం. దీన్ని పాతకాలందని చిన్నచూపు చూడొద్దు. క్యామ్ పైన లేదు కాబట్టి హెడ్ చిన్నగా, పొట్టిగా ఉంటుంది, క్యామ్‌ని తిప్పే పొడవాటి టైమింగ్ చైన్ అక్కర్లేదు, పెద్ద వీ ట్విన్‌లో (వీ ఆకారంలో రెండు సిలిండర్లున్న ఇంజిన్) రెండు సిలిండర్లకీ కలిపి కిందే పని జరిగిపోతుంది. ఇబ్బంది ఎక్కడంటే బరువులో. ఇంజిన్ 6,000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే ఒక్కో వాల్వ్ సెకనుకి 50 సార్లు తెరుచుకుని మూసుకోవాలి, ప్రతిసారీ వాల్వ్‌తో పాటు పుష్‌రాడ్, ట్యాపెట్ (క్యామ్ మీద ఆనే ముక్క), రాకర్ అన్నీ అటూ ఇటూ కదలాలి, ఆర్‌పీఎం రెట్టింపైతే ఆ కదిలే బరువు వల్ల వచ్చే ఫోర్స్ నాలుగింతలవుతుంది. ఒక దశ దాటాక వాల్వ్‌ని మూసే స్ప్రింగ్ వల్ల కాదు, క్యామ్ ముందుకెళ్లిపోతుంది, వాల్వ్ వెనకబడి గాల్లో తేలుతుంది, దాన్నే వాల్వ్ ఫ్లోట్ అంటారు. అది ముదిరితే వాల్వ్ వెళ్లి పిస్టన్‌కి తగులుతుంది. అందుకే పుష్‌రాడ్ బండ్లు మామూలుగా తక్కువ ఆర్‌పీఎం బండ్లే.

కానీ మీరు 2,000 నుంచి 4,000 మధ్యలోనే బతికే మనిషైతే ఆ పరిమితి మీకు తగలనే తగలదు. బీఎండబ్ల్యూ ఆర్ 18 చూడండి, 2020లో వచ్చిన బండి, 1802 సీసీ, పుష్‌రాడ్ ఇంజిన్, 158 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 3,000 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది. హార్లీ మిల్వాకీ ఎయిట్ ఇంజిన్ కూడా పుష్‌రాడే, అయినా సిలిండర్‌కి నాలుగు వాల్వులు, రెండు స్పార్క్ ప్లగ్‌లు, పైగా హైడ్రాలిక్ లిఫ్టర్లు కాబట్టి వాల్వ్ గ్యాప్ సెట్ చేసే పనే లేదు, ఆయిల్ ప్రెషర్ దానంతటదే గ్యాప్ నింపేస్తుంది. అంటే నాలుగు వాల్వులంటే హై ఆర్‌పీఎం, పుష్‌రాడ్ అంటే రెండు వాల్వులు అన్న లెక్క తప్పని ఇక్కడే తేలిపోయింది.

ఇప్పుడు అసలు పోలికకి వద్దాం, రెండు వాల్వులా నాలుగా. లెక్కతోనే చూద్దాం, మాటలతో కన్నా తొందరగా అర్థమవుతుంది. 70 మిల్లీమీటర్ల బోర్ (సిలిండర్ వెడల్పు) ఉందనుకోండి. రెండు వాల్వుల హెడ్ అయితే ఇన్‌లెట్ వాల్వ్ (గాలి లోపలికొచ్చేది) ఒక 36 మిల్లీమీటర్లది పెట్టొచ్చు. నాలుగు వాల్వులైతే 28 మిల్లీమీటర్ల ఇన్‌లెట్ వాల్వులు రెండు పడతాయి. వైశాల్యం చూస్తే రెండు చిన్నవీ కలిపి సుమారు 21 శాతం ఎక్కువ. కానీ అసలు తేడా చుట్టుకొలతలో ఉంది. వాల్వ్ కొంచెం తెరుచుకున్నప్పుడు గాలి దాని అంచు చుట్టూ ఉన్న సందులోంచే లోపలికి దూరాలి, 36 వాల్వ్ చుట్టుకొలత 113 మిల్లీమీటర్లు, రెండు 28 వాల్వులది కలిపి 176. అంటే అదే ఎత్తు లేచినా 55 శాతం ఎక్కువ దారి. వాల్వ్ ఎక్కువ ఎత్తు లేవక్కర్లేదు, ఎక్కువసేపు తెరిచి ఉంచక్కర్లేదు, ఒక్కో వాల్వ్ చిన్నది కాబట్టి తేలిక, స్ప్రింగ్ మీద భారం తక్కువ, ఆర్‌పీఎం పైకి తీసుకెళ్లొచ్చు.

ఇంకో లాభం స్పార్క్ ప్లగ్‌ది. రెండు పెద్ద వాల్వులుంటే మధ్యలో చోటుండదు, ప్లగ్ ఓ పక్కకి జరిగి కూర్చుంటుంది, మంట ఆ మూలనుంచి ఈ మూలకి ప్రయాణం చేసేలోపు అవతలి చివర మిగిలిన మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తానే పేలిపోవచ్చు, అదే నాకింగ్. నాలుగు వాల్వులుంటే ప్లగ్ నట్టనడుమ వస్తుంది, మంట నాలుగు వైపులకీ సమానంగా పాకుతుంది, దాంతో కంప్రెషన్ కొంచెం పెంచుకోవచ్చు. రెండు వాల్వుల బండ్లలో ఇదే సమస్యకి ఇంకో దారి ఉంది, రెండో ప్లగ్ పెట్టడం. బజాజ్ పల్సర్ డీటీఎస్ ఐ 2003లో చేసింది అదే, మంట రెండు చోట్ల మొదలైతే దూరం సగమవుతుంది. నాకు ఇది చాలా తెలివైన పని అనిపిస్తుంది, హెడ్ మొత్తం మార్చకుండా దాని పెద్ద లోపం ఒకటి సరిచేశారు.

మరి నాలుగు వాల్వులుంటే లో ఎండ్ పోతుందన్న మాట ఎక్కడినుంచి వచ్చింది? అందులో నిజం లేకపోలేదు. తక్కువ ఆర్‌పీఎంలో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ, పోర్ట్‌లు (వాల్వ్ దాకా గాలి వచ్చే దారులు) మరీ పెద్దవైతే గాలి వేగం పడిపోతుంది, పెట్రోల్ సరిగా కలవదు, పికప్ నీరసంగా ఉంటుంది. అయితే అది పోర్ట్ సైజు తప్పు, క్యామ్ టైమింగ్ తప్పు, వాల్వుల సంఖ్య తప్పు కాదు. హైవే మీద పరిగెత్తడానికి చేసిన హెడ్‌లు ఎక్కువగా నాలుగు వాల్వులవి కావడంతో నింద వాల్వుల మీద పడింది.

దీనికి మంచి సాక్ష్యం హీరో ఎక్స్‌పల్స్ 200. అదే 199.6 సీసీ ఇంజిన్ రెండు వాల్వులతోనూ వచ్చింది, నాలుగు వాల్వులతోనూ వచ్చింది. రెండు వాల్వులది 18.08 పీఎస్ (పీఎస్, బీహెచ్‌పీ రెండూ పవర్ కొలతలే, దాదాపు సమానం), 16.45 న్యూటన్ మీటర్లు. నాలుగు వాల్వులది 19.1 పీఎస్, 17.35 న్యూటన్ మీటర్లు. చూడండి, రెండింట్లోనూ టార్క్ పీక్ వచ్చేది 6,500 దగ్గరే, పవర్ పీక్ 8,500 దగ్గరే. ఎక్కడికీ పైకి జరగలేదు, టార్క్ తగ్గలేదు, పెరిగింది. ఇంకో సంగతి కూడా చూడండి, పెరిగింది ఒక్క పీఎస్సే. ఇంజిన్‌లో మిగతాదంతా అదే ఉంచి రెండు వాల్వులు కలిపితే ఆకాశం ఊడిపడదు. స్టిక్కర్ మీద 4వీ అని రాసున్నందుకు మాత్రమే పాత బండి అమ్మేసి కొత్తది కొనాలనుకునేవాళ్లు ఈ ఒక్క పీఎస్ గుర్తుపెట్టుకుంటే మంచిది.

అసలు పెద్ద తేడా కనపడేది బోర్, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ వెళ్లే దూరం), కూలింగ్ అన్నీ కలిపి మార్చినప్పుడు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411లో సింగిల్ క్యామ్, రెండు వాల్వులు, బోర్ 78 స్ట్రోక్ 86, లాంగ్ స్ట్రోక్ అన్నమాట, 24.3 బీహెచ్‌పీ. తర్వాత వచ్చిన హిమాలయన్ 450లో డబుల్ క్యామ్, నాలుగు వాల్వులు, లిక్విడ్ కూలింగ్, బోర్ 84 స్ట్రోక్ 81.5, 40 పీఎస్ 8,000 ఆర్‌పీఎం దగ్గర. పెరిగిన సీసీ నలభై చిల్లరే, పవర్ మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది. వాల్వులు పెద్దవి పట్టాలంటే బోర్ వెడల్పు కావాలి, బోర్ పెరిగితే స్ట్రోక్ తగ్గించుకోవచ్చు, స్ట్రోక్ తగ్గితే పిస్టన్ పరుగు తగ్గుతుంది, ఆర్‌పీఎం పెంచుకోవచ్చు, ఆర్‌పీఎం పెరిగితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే నీళ్లతో చల్లబరచాలి. ఒకటి మారిస్తే గొలుసులా అన్నీ మారాల్సిందే, వాల్వుల సంఖ్య అందులో ఒక లింకు.

పవర్, టార్క్ లెక్క కూడా ఒకసారి చూసుకోండి. ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 రెండు వాల్వుల సింగిల్ క్యామ్, 27 న్యూటన్ మీటర్లు 4,000 దగ్గర, 20.2 బీహెచ్‌పీ 6,100 దగ్గర. కేటీఎం 390 డ్యూక్ 373 సీసీ బండి నాలుగు వాల్వుల డబుల్ క్యామ్, 37 న్యూటన్ మీటర్లు 7,000 దగ్గర, 43 బీహెచ్‌పీ 9,000 దగ్గర. టార్క్ తేడా పదే, పవర్ మాత్రం రెట్టింపు దాటింది, ఎందుకంటే పవర్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించడమే, ఆ హెడ్ 9,000లో కూడా ఊపిరాడక ఇబ్బంది పడకుండా హాయిగా పీలుస్తుంది. మీరు ఆ 7,000, 9,000 దాకా వెళ్తారా? వెళ్తే ఆ డబ్బు ప్రతి పైసా వసూలే. టాప్ గేర్‌లో 4,000 దగ్గర పెట్టి గంటలకొద్దీ పోయే అలవాటైతే మీరు కొన్న పవర్‌లో సగం పైన ఎప్పటికీ వాడరు, మీటియర్ లాంటి హెడ్డే మీకు ఎక్కువ సుఖం.

ఇక సింగిల్ క్యామా డబుల్ క్యామా. ఇక్కడ చాలామంది సింగిల్ క్యామ్ అంటే రెండు వాల్వులని, డబుల్ క్యామ్ అంటే నాలుగని కలిపేసుకుంటారు. క్యామ్ ఒక్కటే ఉన్నా రాకర్ ఆర్మ్‌లతో నాలుగు వాల్వులు నడపొచ్చు. ఎన్‌ఫీల్డ్ 650 ట్విన్ అదే, 648 సీసీ, సింగిల్ క్యామ్, సిలిండర్‌కి నాలుగు వాల్వులు, 52 న్యూటన్ మీటర్లు, అందులో 80 శాతం 2,500 ఆర్‌పీఎంకే వస్తుందని కంపెనీ లెక్క. నాలుగు వాల్వులతో లో ఎండ్ ఎలా ఉంటుందో చూడాలంటే ఈ బండి నడిపి చూస్తే సరిపోతుంది. పల్సర్ 200 ఎన్ఎస్ కూడా సింగిల్ క్యామ్ నాలుగు వాల్వులే, దానికి ఏకంగా మూడు ప్లగ్‌లు.

డబుల్ క్యామ్ ఎందుకంటే, ఇన్‌లెట్‌కి ఒకటి ఎగ్జాస్ట్‌కి ఒకటి ఉంటే క్యామ్ నేరుగా వాల్వ్ నెత్తి మీదే కూర్చుంటుంది, మధ్యలో పెద్ద రాకర్ అక్కర్లేదు, ఒక చిన్న బకెట్ (వాల్వ్ మీద బోర్లించిన గిన్నె లాంటి ముక్క) సరిపోతుంది లేదంటే వేలు లాంటి సన్నటి ఫింగర్ ఫాలోవర్. కదిలే బరువు తగ్గింది, ఆర్‌పీఎం పెరిగింది. ప్లగ్ కూడా రెండు క్యామ్‌ల నడుమ నిటారుగా దిగుతుంది. బదులుగా హెడ్ వెడల్పవుతుంది, పైభాగం బరువు పెరుగుతుంది, చైన్ పెద్దదవుతుంది, ధర పెరుగుతుంది. హోండా తన మోటోక్రాస్ బండి సీఆర్ఎఫ్ 450 ఆర్‌లో మధ్యేమార్గం పట్టింది, యూనిక్యామ్ అని, ఒకే క్యామ్ ఇన్‌లెట్ వాల్వుల మీద నేరుగా కూర్చుంటుంది, ఎగ్జాస్ట్ వాల్వులని చిన్న రాకర్‌తో నొక్కుతుంది. హెడ్ చిన్నది, ఆర్‌పీఎంకి లోటు లేదు. డబుల్ క్యామ్ లేకపోతే రేసు బండి కాదు అనేవాళ్లకి ఇదే జవాబు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం, వాల్వ్ గ్యాప్. వాల్వ్ మూసుకున్నప్పుడు దాని చివరకీ రాకర్‌కీ మధ్య ఓ వెంట్రుక మందం ఖాళీ ఉండాలి, బండిని బట్టి 0.05 నుంచి 0.30 మిల్లీమీటర్ల దాకా. మెకానిక్‌లు ట్యాపెట్ సెట్టింగ్ అనేది దీన్నే. వేడికి వాల్వ్ సాగుతుంది కాబట్టి ఆ ఖాళీ లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు.

స్క్రూ, లాక్ నట్ ఉన్న రాకర్ అయితే పని ఇలా ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, రాత్రంతా వదిలేస్తే మేలు. ట్యాపెట్ మూతలు తీసి, మ్యాగ్నెట్ వైపున్న చిన్న కిటికీలోంచి చూస్తూ ఇంజిన్‌ని చేత్తో తిప్పి టీ మార్కు (పిస్టన్ పైకి చేరిందని చెప్పే గుర్తు) కలపాలి, అది కంప్రెషన్ స్ట్రోక్‌లోనే అని నిర్ధారించుకోవాలి, అంటే అన్ని రాకర్లూ కొంచెం కదులుతూ ఉండాలి. ఫీలర్ గేజ్ (మందం రాసున్న సన్నటి రేకుల సెట్) బ్లేడ్ దూర్చి లాగితే కొంచెం పట్టుకున్నట్టు రావాలి, జారిపోయినట్టు రాకూడదు, ఇరుక్కోకూడదు. లాక్ నట్ వదులు చేసి, స్క్రూ తిప్పి, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్ బిగించి, మళ్లీ బ్లేడ్ పెట్టి చూడాలి, ఎందుకంటే నట్ బిగించేటప్పుడు స్క్రూ ఎంతో కొంత తిరుగుతుంది. ఈ రెండోసారి చూడటం ఎగ్గొట్టే చోట బండి ఇవ్వకండి. చేయి తిరిగినవాళ్లకి అంతా కలిపి గంట పని.

షిమ్ (గ్యాప్ సరిచేసే చిన్న బిళ్ల) ఉన్న బకెట్ అయితే కథ వేరు. ట్యాంక్ తీయాలి, ఎయిర్ బాక్స్ తీయాలి, కొన్ని బండ్లలో రేడియేటర్ కూడా జరపాలి, హెడ్ కవర్ విప్పాలి, గ్యాప్ కొలవాలి. సరిగ్గా ఉంటే అదృష్టం, మూసేయొచ్చు. లేకపోతే టైమింగ్ చైన్ వదులు చేసి క్యామ్‌లు బయటికి తీసి, బకెట్ కింద ఉన్న బిళ్ల లాంటి షిమ్ తీసి మైక్రోమీటర్‌తో కొలిచి లెక్క కట్టాలి. గ్యాప్ 0.15 ఉండాల్సింది 0.10 ఉంది, లోపలున్న షిమ్ 2.50 అయితే 2.45 షిమ్ వేయాలి. ఆ సైజు ఆ రోజు షాపులో లేకపోతే బండి అక్కడే. తిరిగి బిగించేటప్పుడు క్యామ్ టైమింగ్ ఒక పన్ను తప్పినా వాల్వ్, పిస్టన్ కొట్టుకునే ప్రమాదం. కొన్ని ఫింగర్ ఫాలోవర్ ఇంజిన్లలో మాత్రం ఫాలోవర్‌ని పక్కకి లాగి క్యామ్ తీయకుండానే షిమ్ మార్చొచ్చు, అలాంటిది దొరికితే డబుల్ క్యామ్ భయం సగం పోయినట్టే. షిమ్ పద్ధతిని తిట్టడానికి ఇదంతా చెప్పట్లేదు, ఎందుకంటే స్క్రూ కన్నా షిమ్ గ్యాప్ చాలా ఎక్కువ దూరం కదలకుండా ఉంటుంది, చెకింగ్ గడువు కూడా మామూలుగా ఎక్కువే ఇస్తారు. తరచుగా చిన్న పనా, అరుదుగా పెద్ద పనా అన్నదే ఎంపిక.

దూర ప్రయాణాలకి ఏళ్ల తరబడి పోటీపడ్డ సుజుకీ డీఆర్ 650, కవాసకీ కేఎల్ఆర్ 650 ఈ తేడాకి చక్కటి జంట. రెండూ సింగిల్ సిలిండర్, రెండూ నాలుగు వాల్వులు. డీఆర్‌లో సింగిల్ క్యామ్, స్క్రూ ట్యాపెట్‌లు, గాలితో ఆయిల్‌తో చల్లబడే ఇంజిన్. కేఎల్ఆర్‌లో డబుల్ క్యామ్, షిమ్‌లు, లిక్విడ్ కూలింగ్. డీఆర్‌ని రోడ్డు పక్క చెట్టు కింద సెట్ చేసుకోవచ్చు, కేఎల్ఆర్‌కి శుభ్రమైన చోటు, షిమ్‌లు కావాలి. మనుషులు లేని దారుల్లో సొంతంగా పని చేసుకుంటూ తిరిగేవాళ్లకి నేనైతే డీఆర్ లాంటి హెడ్డే చెప్తాను, ఆలోచించకుండా చెప్తాను.

గ్యాప్ విషయంలో ఒక ప్రమాదకరమైన అపోహ ఉంది, ట్యాపెట్ సౌండ్ రాకపోతే ఇంజిన్ బాగున్నట్టు అని. గ్యాప్ ఎక్కువైతే టకటక సౌండ్ వస్తుంది, వినపడుతుంది కాబట్టి తీసుకెళ్తాం, పెద్ద నష్టం జరిగేలోపు దొరికిపోతుంది. గ్యాప్ తగ్గితే సౌండ్ ఉండదు. వాల్వ్ తన సీట్‌లో కొద్దికొద్దిగా లోపలికి దిగుతూ పోయే కొద్దీ గ్యాప్ మూసుకుపోతుంది, ఇంజిన్ ఇంకా సైలెంట్ అవుతుంది, ఓనర్ సంతోషపడతాడు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో ఎక్కువ భాగం సీట్‌కి ఆనుకున్నప్పుడే వదిలించుకుంటుంది, ఆనకపోతే వేడి పోయే దారి లేదు, పైగా మండే గ్యాస్ ఆ సన్నటి సందులోంచే దూసుకుపోతుంది, అంచు కాలి ముక్క ఊడుతుంది. పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొండికేయడం, ఐడిల్ నిలవకపోవడం, పికప్ తగ్గడం దీనికి ముందస్తు గుర్తులు. సౌండ్ వస్తోందని గ్యాప్‌ని ఉండాల్సిన కన్నా టైట్ చేసి పంపే మెకానిక్ మీకు మేలు చేయట్లేదు, వాల్వ్ ఆయుష్షు తగ్గిస్తున్నాడు.

కంబషన్ చాంబర్ ఆకారం గురించి బ్రోచర్‌లో ఉండదు కానీ తేడా అక్కడా ఉంది. పాత హెమీ హెడ్ బోర్లించిన గిన్నె ఆకారం, వాల్వులు బాగా విడిపోయి వాలి ఉంటాయి, గాలి ఓ వైపునుంచి వచ్చి మరో వైపు పోతుంది, చూడటానికి అందంగా ఉంటుంది. కానీ ఆ గిన్నె లోతుగా ఉండటంతో కంప్రెషన్ పెంచాలంటే పిస్టన్ నెత్తిని ఎత్తుగా గోపురంలా చేయాలి, పిస్టన్ బరువెక్కుతుంది, మంటకి అడ్డు పడుతుంది. ఇప్పటి నాలుగు వాల్వుల హెడ్‌లు ఇంటి పైకప్పులా రెండు వాలులతో లోతు తక్కువగా ఉంటాయి, పెంట్ రూఫ్ అంటారు, పిస్టన్ దాదాపు చదునుగా ఉంటుంది. కారు రేసుల కోసం 1967లో వచ్చిన కాస్వర్త్ డీఎఫ్‌వీ ఇంజిన్ వాల్వుల మధ్య కోణం 32 డిగ్రీలకి తగ్గించి చూపించాక బైకులూ ఆ దారే పట్టాయి. అంచుల్లో పిస్టన్ హెడ్‌కి బాగా దగ్గరగా వచ్చే చోటుని స్క్విష్ అంటారు, అక్కడ నలిగిన మిశ్రమం మధ్యలోకి తోసుకొచ్చి కలబడుతుంది, తొందరగా మండుతుంది. అందుకే హెడ్ గాస్కెట్ (హెడ్‌కీ సిలిండర్‌కీ మధ్య వేసే పొర) మార్చేటప్పుడు ఏదో ఒక మందం వేసేస్తే కుదరదు, మందం పెరిగితే స్క్విష్ చచ్చిపోయి నాకింగ్ మొదలవ్వొచ్చు.

కూలింగ్ ఒక మాట. నాలుగు వాల్వుల హెడ్‌లో రెండు ఎగ్జాస్ట్ వాల్వుల మధ్య ఉన్న సన్నటి వంతెన లాంటి చోటే అత్యంత వేడి భాగం, గాలి అక్కడికి సరిగా చేరదు. అందుకే పవర్ ఎక్కువున్న నాలుగు వాల్వుల బండికి లిక్విడ్ కూలింగో, కనీసం ఆయిల్ కూలింగో ఉందా అని చూడండి. నెమ్మదిగా పాకే ట్రాఫిక్‌లో ఎక్కువ తిరిగేవాళ్లకి ఇది వాల్వుల సంఖ్య కన్నా ముఖ్యం.

నాలుగే మంచిదైతే ఐదు ఇంకా మంచిది కదా అని యమహా నిజంగానే చేసి చూసింది. 1985లో ఎఫ్‌జెడ్ 750తో మొదలుపెట్టి మూడు ఇన్‌లెట్, రెండు ఎగ్జాస్ట్ వాల్వులతో ఏళ్ల తరబడి నడిపింది, ఆర్ 1 కూడా 2006 దాకా ఐదు వాల్వులే. 2007 ఆర్ 1లో నాలుగుకి వచ్చేసింది. మూడో ఇన్‌లెట్ వాల్వ్ ఇచ్చే అదనపు దారి కన్నా చాంబర్ ఆకారం చక్కగా ఉండటం వల్ల వచ్చే లాభమే ఎక్కువని తేలింది. సంఖ్య చూసి కొనొద్దని నేను ఇంతసేపు చెప్తున్నది అంత పెద్ద కంపెనీ ఇరవై ఏళ్ల ప్రయాణంలోనే కనపడుతుంది.

డుకాటీ డెస్మో సంగతి కూడా చూద్దాం. వాల్వ్‌ని మూయడానికి స్ప్రింగ్ మీద ఆధారపడకుండా ఇంకో రాకర్‌తో లాగి మూస్తారు, ఫాబియో తాలియోనీ 1956లో రేసు బండిలో పెట్టిన పద్ధతి, ఫ్లోట్ అన్న మాటే ఉండదు. కానీ ఒక్కో వాల్వ్‌కి తెరిచే గ్యాప్ ఒకటి, మూసే గ్యాప్ ఒకటి, అంటే సిలిండర్‌కి నాలుగు వాల్వులున్న రెండు సిలిండర్ల ఇంజిన్‌లో 16 కొలతలు. అదే కంపెనీ మల్టీస్ట్రాడా వీ4కి వచ్చేసరికి మామూలు స్ప్రింగ్‌లకి మారి, వాల్వ్ చెకింగ్ 60,000 కిలోమీటర్లకి ఒకసారి అని ప్రకటించింది. ట్రాక్ కోసం, ఆ ఇంజినీరింగ్ మీద ఇష్టంతో కొనేవాళ్లు డెస్మో తీసుకోండి, ఖర్చు తెలిసే తీసుకోండి. టూరింగ్‌కి స్ప్రింగే చాలు.

లో ఎండూ కావాలి టాప్ ఎండూ కావాలి అంటే వేరియబుల్ వాల్వ్ ఉన్న బండ్లున్నాయి. యమహా ఆర్ 15 వీ3లో 155 సీసీ సింగిల్ క్యామ్ మీదే ఇన్‌లెట్‌కి రెండు రకాల లోబ్‌లు (వాల్వ్‌ని నొక్కే క్యామ్ ఉబ్బులు), 7,400 ఆర్‌పీఎం దగ్గర రెండోదానికి మారుతుంది. హోండా హైపర్ వీటెక్ కింద రెండు వాల్వులతో నడిచి పైన నాలుగూ తెరుస్తుంది. చిన్న ఇంజిన్లలో ఇది నిజంగా పనికొచ్చేది, పెద్ద ఇంజిన్లలో కింద ఎలాగూ టార్క్ ఉంటుంది కాబట్టి దీనికోసమని అదనంగా డబ్బు పెట్టే ముందు ఆలోచించండి.

ఇక ఎవరికి ఏది. ఇంటినుంచి ఆఫీసుకి, వారాంతంలో నింపాదిగా ఓ చుట్టు, 5,000 దాటే అలవాటు లేనివాళ్లకి సింగిల్ క్యామ్ రెండు వాల్వులు, స్క్రూ ట్యాపెట్ చాలు, హోండా సీబీ 350 లాంటిది 30 న్యూటన్ మీటర్లు 3,000 దగ్గరే ఇస్తుంది. అన్నీ కొంచెం కొంచెం కావాలి, హైవే ఓవర్‌టేక్‌లో దమ్ముండాలి, సర్వీసు కూడా మామూలుగా అయిపోవాలి అంటే సింగిల్ క్యామ్ నాలుగు వాల్వులు, నా లెక్కలో ఎక్కువమందికి సరిపోయేది ఇదే, తక్కువ పేరున్నదీ ఇదే. ఆర్‌పీఎం పైకి తీసుకెళ్లడమే ఆనందం, ఘాట్ రోడ్లు, ట్రాక్ అంటే డబుల్ క్యామ్ లిక్విడ్ కూల్డ్, షిమ్ పని తెలిసిన మెకానిక్ దగ్గర్లో ఉంటేనే. బరువైన క్రూజర్ మీద రోజుకి వందల కిలోమీటర్లు పోయేవాళ్లకి హైడ్రాలిక్ లిఫ్టర్లున్న పుష్‌రాడ్.

సెకండ్ హ్యాండ్ అయితే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ. మీరు వెళ్లేలోపు ఇంజిన్ వేడి చేసి పెట్టొద్దని ముందే చెప్పండి, చల్లటి ఇంజిన్ మీ ముందే స్టార్ట్ చేయించండి. మొదటి నిమిషంలో హెడ్ దగ్గరినుంచి గలగల వచ్చి ఆగిపోతే టైమింగ్ చైన్ టెన్షనర్‌ని (చైన్‌ని బిగువుగా ఉంచే భాగం) అనుమానించండి. వాల్వ్ చెకింగ్ చివరిసారి ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర జరిగిందో బిల్లు అడగండి. షిమ్ ఇంజిన్‌కి బిల్లు లేదంటే ఆ పని జరగలేదనే లెక్క వేసి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి, ఒప్పుకోకపోతే కంప్రెషన్ టెస్ట్ చేయించి రీడింగ్ మాన్యువల్‌లో ఉన్న నంబర్‌కి తక్కువుంటే వదిలేయండి. కొత్త బండైనా సరే, అడ్వాన్స్ కట్టే ముందు సర్వీస్ షెడ్యూల్‌లో వాల్వ్ క్లియరెన్స్ గడువెంతో, దానికి లేబర్ ఎన్ని గంటలు పడుతుందో సర్వీస్ వాళ్లనే అడగండి, సేల్స్ వాళ్లని కాదు.